తల్లీత్ మెడపట్టీకి జరీ పని: శాలువా మీద సూది పెట్టే ముందు

తర్వాత చదివేవాళ్లకి అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. మీరు విజయవాడలో మగ్గం వర్క్ బొటిక్ నడుపుతున్నారు. న్యూయార్క్‌లో ఉన్న మీ చెల్లెలి ద్వారా ఒక యూదు కుటుంబం ఆర్డర్ ఇచ్చింది. పెళ్లికొడుక్కి ఇచ్చే ప్రార్థన శాలువా: తెల్ల ఉన్ని, నల్ల చారలు. దానికి మెడ దగ్గర జరీ పట్టీ, ఆ పట్టీ మీద హీబ్రూ అక్షరాలు కావాలన్నారు. శాలువా పార్సెల్‌లో వచ్చేసింది. తాతగారి నాటి పట్టీ ఫోటో ఒకటి పంపి "వీలైతే ఇలా" అని కూడా అన్నారు. శాలువానే మగ్గానికి బిగించి కుట్టేయొచ్చా, ఏ జరీ వాడాలి, ఫోటోలో ఉన్నది ఏం పని అని మీరు అడిగారు.

శాలువాని మగ్గానికి బిగించకండి. ముందు ఆ మాట గట్టిగా చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను.

నేను నరసాపురం మనిషిని. హైదరాబాద్‌లో మగ్గం నేర్చుకున్నాను, పెళ్లయ్యాక న్యూజెర్సీ వచ్చాను. మొదట్లో మనవాళ్ల బ్లౌజులే కుట్టాను. పక్క వీధి యూదు ఆవిడ తన తండ్రి శాలువా పట్టీ మీద ఊడిపోయిన జరీ సరిచేయమని తెచ్చినప్పటి నుంచి ఈ పనిలో పడ్డాను. ఇరవై ఏళ్లుగా ఏడాదికి ఓ పది పదిహేను పట్టీలు నా చేతుల మీదుగా వెళ్తున్నాయి. నేను ఆ మతస్థురాలిని కాను. వాళ్ల శాస్త్రం గురించి ఇక్కడ చెప్పేదంతా కస్టమర్ల దగ్గర, వాళ్ల రబ్బీల (మతగురువుల) దగ్గర విని, తప్పులు చేసి నేర్చుకున్నదే.

ఆ శాలువాని తల్లీత్ అంటారు. దానికి పవిత్రత జరీ వల్ల రాదు, నాలుగు మూలల్లో వేలాడే కుచ్చుల వల్ల వస్తుంది. వాటి పేరు త్సిత్సిత్. బైబిల్ సంఖ్యాకాండము 15వ అధ్యాయంలో బట్టల అంచులకు కుచ్చులు కట్టుకోమన్న ఆజ్ఞ ఉంది చూడండి, అవే ఇవి. ఒక్కో మూలకి నాలుగు పోగులు దూర్చి మడుస్తారు, కాబట్టి ఎనిమిది కొసలు వేలాడతాయి. ఐదు జంట ముడులు ఉంటాయి. మధ్యలో చుట్ల లెక్క కూడా ఉంటుంది. వాటిని కట్టేవాళ్లు ఆ ఆజ్ఞ కోసమే కడుతున్నాం అన్న ఉద్దేశంతో కట్టాలి. ఇది ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, మన బొటిక్‌లలో 'కుచ్చులు' అనగానే చీర కొంగు కుచ్చులు గుర్తొస్తాయి. అంచులు సమంగా లేవని కత్తిరించడం, పూసలు ఎక్కించడం, ముడి వదులైందని బిగించడం మన అమ్మాయిలకి అలవాటు. ఈ శాలువా దగ్గర అవేవీ చేయకూడదు. ఒక్క పోగు తెగినా శాలువా వాడకానికి పనికొస్తుందా రాదా అన్నది వాళ్ల రబ్బీ తేల్చాల్సిన విషయమైపోతుంది. శాలువా మగ్గం మీద ఉంటే ఆ కుచ్చులు చట్రం కింద వేలాడుతూ ఎవరి కాలికో, ఫ్యాన్‌కో తగులుకుంటాయి. మగ్గం వద్దనడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం పట్టీ స్వభావంలోనే ఉంది. దాన్ని అతారా అంటారు. మనం మెడపట్టీ అనుకుంటున్నాం గానీ హీబ్రూలో ఆ మాటకి కిరీటం అని అర్థం. ఉదయం ప్రార్థనకి ముందు ఆశీర్వచనం చెప్పి శాలువాని తల మీదుగా కప్పుకుంటారు, అప్పుడు పట్టీ తల మీదికి వస్తుంది. తర్వాత శాలువా భుజాల మీదికి దిగితే పట్టీ మెడ చుట్టూ ఉంటుంది. శాస్త్రం ప్రకారం అతారా తప్పనిసరి కాదు. పోలండ్‌లో 17వ శతాబ్దపు పండితుడు అబ్రహాం గొంబినర్ రాసిన వ్యాఖ్యానంలో దీని ప్రస్తావన ఉంది: ముందు వైపు కుచ్చులు ఎప్పుడూ ముందే ఉండాలని గుర్తు కోసం తల భాగంలో పట్టు ముక్క వేస్తున్నారని. అదే చోట, 16వ శతాబ్దంలో సఫెద్‌లో (ఇప్పటి ఇజ్రాయెల్‌లోని ఊరు) ఉన్న గురువు ఐజాక్ లూరియా ఈ ముందూ వెనకా పట్టించుకునేవారు కాదని కూడా ఉంది. అందుకే కొందరి శాలువాలకి అతారా అసలు ఉండదు, కొందరికి సన్నటి రిబ్బన్ చాలు, కొందరు వెండి పలకలు వరసలు వరసలుగా కుట్టించుకుంటారు.

అంటే శాలువా వేరు, పట్టీ వేరు. వాటి ఆయుష్షులూ వేరే. శాలువా ఉన్ని, పాతబడుతుంది, చిరుగుతుంది. మంచి పట్టీని ఊడదీసి కొత్త శాలువాకి కుడతారు. మనిషి పోయినప్పుడు మగవాళ్లని తమ తల్లీత్‌లోనే చుట్టి, ఒక కుచ్చు తీసేసి ఖననం చేసే ఆచారం ఉంది. ఖరీదైన పట్టీ ఉంటే ముందే విప్పి ఇంట్లో ఉంచుకుంటారు. మీకు ఫోటో పంపిన ఆ తాతగారి పట్టీ ఇన్నాళ్లు మిగిలింది బహుశా అలాగే. కాబట్టి మీరు చేయాల్సింది విడి పట్టీ. వేరే గుడ్డ మీద మగ్గం పని పూర్తి చేసి, వెనక లైనింగ్ వేసి, అంచులు మూసి, చివర్లో చేత్తో సన్నటి హెమ్మింగ్ కుట్టుతో శాలువాకి తగిలించండి. రేపెవరైనా బ్లేడు అవసరం లేకుండా, దారం లాగి విప్పుకోగలగాలి. మిషన్ కుట్టు వేయకండి.

ఇక అసలు ప్రమాదం. దీన్ని నేను సొంత డబ్బుతో నేర్చుకున్నాను. నా మొదటి కొత్త పట్టీకి గట్టిదనం కోసం కింద మంచి లినెన్ కాన్వాస్ వేశాను, జరీని పట్టి కుట్టడానికి మైనం పట్టించిన లినెన్ దారం వాడాను. యూరప్ పద్ధతి బంగారు ఎంబ్రాయిడరీలో అవి గొప్ప సరుకులు, ఏ పుస్తకం చూసినా అవే వాడమంటుంది. పట్టీ తీసుకెళ్లిన పెద్దాయన మర్నాడే ఫోన్ చేసి "లోపల ఏం వేశావమ్మా?" అని అడిగారు. చెప్పాను. ఆయన కోప్పడలేదు, కాసేపు మాట్లాడలేదంతే. ఉన్నీ లినెనూ కలిసిన బట్ట కట్టకూడదని వాళ్ల ధర్మగ్రంథం తోరాలో నిషేధం ఉంది (లేవీయకాండము 19:19, ద్వితీయోపదేశకాండము 22:11). దాని పేరు షత్నేజ్. ఉన్ని శాలువాకి లినెన్ ఉన్న పట్టీ కుట్టామంటే ప్రార్థనకి వేసుకునే బట్టనే నిషిద్ధ వస్త్రంగా మార్చేశామన్నమాట. పన్నెండు రోజుల పని మొత్తం విప్పి, మళ్లీ చేసిచ్చాను.

తెలుగులో నార అంటే జనుమూ గోగూ అన్నీ వస్తాయి, దాంతో కంగారు పడకండి. నిషేధం అవిసె నారకి, అంటే లినెన్‌కి. కానీ మన బజారులో దొరికే బక్రంలో (గట్టిదనం కోసం లోపల వేసే గుడ్డలో) ఏముందో షాపువాడికే తెలియదు. కాల్చి చూసి తేల్చుకుందామంటే పత్తీ లినెనూ రెండూ కాగితంలాగే కాలతాయి, బూడిదా ఒకేలా ఉంటుంది. యూదులు ఎక్కువగా ఉన్న ఊళ్లలో కోట్ల లోపలి కాన్వాస్‌ని మైక్రోస్కోప్ కింద పరీక్షించడానికే ల్యాబులు ఉన్నాయంటే ఆలోచించండి. నేనిప్పుడు బక్రం జోలికే పోను. రెండు పొరల చిక్కటి గాడా గుడ్డ వేస్తాను, అది పూర్తి కాటన్ అని తెలిసిన చోటే కొంటాను. దారం పాలిస్టర్ లేదా పట్టు. పై గుడ్డ పట్టు వెల్వెట్ కానీ రా సిల్క్ కానీ. 'లినెన్ బ్లెండ్' అని రాసి ఉన్న ఏ గుడ్డనీ ఆ గదిలోకే రానివ్వను. మీరు వాడిన ప్రతి సరుకు పేరూ ఒక కాగితం మీద రాసి పట్టీతో పాటు పంపండి. వాళ్లు చాలా సంతోషిస్తారు.

జరీ విషయానికి వద్దాం. సూరత్ అసలు జరీ అంటే వెండి తీగని పల్చగా నొక్కి, పట్టు పోగు చుట్టూ తిప్పి, బంగారు పూత పూసింది. టెస్టెడ్ జరీలో రాగి తీగ మీద వెండి పూత ఉంటుంది. మూడోది ప్లాస్టిక్ జరీ, అది లోహం మెరుపున్న పాలిస్టర్ పొర. పెళ్లి బ్లౌజుకి టెస్టెడ్ చాలు, ఏడాదికి నాలుగుసార్లు కడతారు. తల్లీత్‌ని మాత్రం కొందరు దాదాపు రోజూ కప్పుకుంటారు, పట్టీ మెడకి ఆనుతుంది, చెమటలోని ఉప్పు తగులుతుంది. రాగి తీగ పచ్చబడుతుంది, తెల్ల ఉన్ని మీద ఆ పచ్చ మరక పోదు. కాబట్టి అసలు జరీ వాడండి, లేదా మంచి రకం ప్లాస్టిక్ జరీ వాడండి. మధ్యలోది వద్దు. ప్లాస్టిక్ అంటే చిన్నచూపు అక్కర్లేదు, అది నల్లబడదు. కస్టమర్‌కి రెండూ ఒకే గుడ్డ మీద కుట్టి ఫోటో పంపి, ధర చెప్పి, నిర్ణయం వాళ్లకే వదిలేయండి.

అసలు వెండి వాడితే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఉన్నిలో సహజంగానే గంధకం ఉంటుంది, వెండి నల్లబడేదే గంధకం వల్ల. అందుకే పట్టీకీ శాలువాకీ మధ్య కాటన్ లైనింగ్ పూర్తిగా, అంచు దాకా ఉండాలి. జరీ వెనక కుట్లు ఉన్నికి నేరుగా తగలకూడదు. మెడకి తగిలే వైపు విడిగా ఉతుక్కోగలిగే సన్న కాటన్ పట్టీ ఒకటి టాకా వేసి ఇస్తే మరీ మంచిది. జరీ మీద వెండి పాలిష్ ద్రవాలు రుద్దవద్దని రాసి పంపండి. ఆ ద్రవం లోపలి పోగులోకి దిగిపోయి అక్కడే ఉండిపోతుంది.

జర్దోసీ స్ప్రింగులు, అంటే స్ప్రింగులా చుట్టిన లోహపు తీగ ముక్కలు, కొంచెం పొదుపుగా వాడండి. పట్టీ ప్రతిరోజూ మడత పడుతుంది, జుట్టుకీ కాలర్‌కీ రాసుకుంటుంది. కప్పుకునే ముందు దాని రెండు చివర్లని ముద్దు పెట్టుకోవడం చాలామందికి అలవాటు. పొడుగ్గా కోసిన స్ప్రింగు ఏడాది తిరిగేసరికి సాగి, కొస బయటికి పొడుచుకొస్తుంది. నేను అర సెంటీమీటరు దాటనివ్వను. కుందన్లు, గమ్‌తో అంటించేవి ఏవైనా, ఇక్కడ నిలవవు. జరీ దారాన్ని జంటగా పరిచి పై నుంచి టాకాలు వేసే పనే దీనికి అన్నిటికన్నా గట్టిది.

ఇక ఆ ఫోటో. జూమ్ చేసి చాలాసేపు చూశాను. అది మన మగ్గం పని కాదు, నిజానికి ఎంబ్రాయిడరీనే కాదు. దాన్ని తూర్పు యూరప్ యూదుల యిద్దిష్ భాషలో ష్పాన్యర్ అర్బెట్ అంటారు. మొదటిసారి అలాంటి పట్టీ చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నరసాపురంలో ఆవిడ క్రోషియా లేసు అల్లేది. లేసుకి కింద గుడ్డ ఉండదు, దారమే గుడ్డ అవుతుంది. ష్పాన్యర్ కూడా అంతే. నూలు తాళ్లని నమూనా ప్రకారం నడిపిస్తూ, వాటి చుట్టూ వెండి దారమో బంగారు దారమో తిప్పుతూ అల్లుతారు. పద్ధతి బాబిన్ లేసుకి (కండెలకి చుట్టిన దారాల్ని ఒకదానిమీదుగా ఒకటి తిప్పి అల్లే లేసుకి) దగ్గరగా ఉంటుంది. చేప పొలుసుల్లాంటి వరసలు, ఆకులు, గుండ్రటి పువ్వులు ఉబ్బెత్తుగా వస్తాయి. పూర్తయ్యాక వెనక గుడ్డ వేసి శాలువాకి తగిలిస్తారు. ఆ పేరు ఎక్కడిదన్న దాని మీద రెండు వాదాలున్నాయి. స్పెయిన్ నుంచి వచ్చిన పని కాబట్టి అని కొందరు, వడకడం అన్న అర్థమున్న జర్మన్ మాట నుంచి అని కొందరు అంటారు. నాకు రెండోదే నమ్మబుద్ధేస్తుంది, పనంతా తిప్పడమూ చుట్టడమే కదా.

ఈ పనికి పేరుపడ్డ ఊరు సాసోవ్. ఇప్పటి ఉక్రెయిన్‌లో, ల్వీవ్‌కి తూర్పున, జోలోచివ్ దగ్గర ఉంటుంది. 19వ శతాబ్దంలో అది ఆస్ట్రియా ఏలుబడిలోని గలీసియా ప్రాంతం. హసీదీ అనే యూదు భక్తి శాఖ గురువు మోషే లైబ్ (1745–1807) వల్ల ఆ పేరు చాలామంది యూదులకి తెలుసు, మా కస్టమర్లు చాలామంది ఊరి పేరు వినగానే ఆయన్నే తలుచుకుంటారు. అతారాలే కాకుండా మగవాళ్ల టోపీలూ, స్త్రీలు రొమ్ము మీద ధరించే బ్రుస్తిఖ్ల్ అనే పట్టీలూ ఈ పనితోనే చేసేవారు. మన దగ్గర ఒక్కో ఊరు ఒక్కో నేతకి బతికినట్టు సాసోవ్‌లో ఇంటింటా ఆ పని బతికింది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు అక్కడి యూదుల్ని చంపేశారు, వాళ్లతో పాటే ఆ చేతిపనీ దాదాపు పోయింది. తర్వాత అమెరికాలో, ఇజ్రాయెల్‌లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మంది మాత్రమే చేశారు. అందుకని "ఇలాంటిదే చేసిస్తాం" అని మాటివ్వకండి. నేనూ ఇవ్వను. "పోలిక వచ్చేలా మా పద్ధతిలో చేస్తాం" అని చెప్పండి. కింద సన్నటి నూలు తాడు పెట్టి కుట్టి, దాని మీద జంట జరీ పరిచి పొలుసు వరసలు తెస్తే దూరం నుంచి ఆ ఉబ్బు వస్తుంది. దగ్గర నుంచి చూస్తే తేడా తెలుస్తుంది, తెలియనివ్వండి. జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియం, న్యూయార్క్‌లోని జ్యూయిష్ మ్యూజియం వెబ్‌సైట్లలో యూదు వస్త్రాల ఫోటోలు ఉంటాయి, నమూనా గీసే ముందు ఒక గంట వాటి ముందు కూర్చోండి.

యూదుల జరీ అంటే ష్పాన్యర్ ఒక్కటే అనుకోకండి. మొరాకోలో, ముఖ్యంగా ఫెజ్ నగరంలో, బంగారు దారం తయారీ యూదుల చేతుల్లో ఉండేది. ఆ పనిని స్కల్లి అంటారు, సిసిలీ పేరు మీద వచ్చిన మాట, కొన్ని కుటుంబాలకి అదే ఇంటిపేరు. ఒట్టోమన్ రాజ్యంలోని యూదు స్త్రీలు బంగారు జరీ పెళ్లి దుస్తుల్ని తర్వాత సినగాగుకి (యూదుల ప్రార్థనా మందిరానికి) ఇచ్చేవారు, అక్కడ తోరా గ్రంథాలుంచే బీరువాకి అవే తెరలయ్యేవి. కట్టుకున్న పట్టుచీరని గుడికి ఇచ్చే మన ఆడవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. అట్ట మీద జరీ తిప్పే ఆ టర్కీ పని మన మగ్గానికి ష్పాన్యర్ కన్నా చాలా దగ్గర.

అక్షరాల దగ్గర టెన్షన్ పడండి, ఇక్కడ పడాల్సిందే. హీబ్రూ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. బటర్ పేపర్ మీద సూదితో పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్దుతాం కదా, ఆ పేపర్ తిరగబడితే మామిడి పిందెకి నష్టం లేదు గానీ అక్షరం అద్దంలో బొమ్మ అయిపోతుంది. పేపర్ పై మూలలో ఎర్ర గుర్తు పెట్టుకోండి. దాలెత్, రేష్ అనే రెండు అక్షరాలకి తేడా కుడి పై మూలలో చిన్న పొడుపు మాత్రమే. జరీ టాకాతో మూల గుండ్రం చేశారంటే దాలెత్ కాస్తా రేష్ అవుతుంది. 'ఎఖాద్' అంటే ఒక్కడు, దేవుడొక్కడే అని రోజూ చెప్పే ప్రార్థనలోని మాట. చివరి దాలెత్ రేష్ అయితే అది 'అఖేర్', అంటే వేరొకడు. తోరా చుట్టల్లో ఆ దాలెత్‌ని కావాలనే పెద్దగా రాస్తారు. హే, ఖెత్ అక్షరాలకి తేడా ఎడమ కాలు పైన ఉండే చిన్న ఖాళీ, బెత్, కాఫ్ అక్షరాలకి తేడా కింద కుడి మూల. మొత్తం గీసి, సూది పెట్టక ముందే ఫోటో పంపి, ఒకరు కాదు ఇద్దరు చదివి సరే అన్నాక మొదలెట్టండి.

ఏం రాయించుకుంటారన్నదీ అడగండి. సాధారణంగా కప్పుకునేటప్పుడు చెప్పే ఆశీర్వచనం అడుగుతారు. దానిలో దేవుడి పేరు ఉంది. పూర్తిగా కుట్టాలా, సంక్షిప్తంగా ఒక్క అక్షరంతో సూచించాలా అన్నది కుటుంబాన్ని బట్టి ఉంటుంది. దేవుడి పేరు పూర్తిగా ఉంటే పాడైనప్పుడు ఆ ముక్కని చెత్తలో వేయరు, భద్రపరచి పాతిపెడతారు. మీ దగ్గర తప్పు పోయిన ముక్కకీ అదే వర్తిస్తుంది, కాబట్టి ట్రయల్ ముక్క మీద ఆ మాట కుట్టకండి.

బొమ్మల్లో వాళ్లకి అందంగా ఉండేవి మనకీ తెలిసినవే: దానిమ్మ, ద్రాక్ష గుత్తి, గోధుమ కంకి, ఖర్జూరం, ఆరు మూలల నక్షత్రం. మీ మోటిఫ్ పుస్తకంలో శంఖచక్రాలూ గజలక్ష్మీ పక్కన పెట్టేయండి, మామిడి పిందె పర్లేదు. అలంకారం పట్ల వాళ్లకి సంకోచం లేదు. నిర్గమకాండము 15:2ని ఆధారం చేసుకుని, ఆజ్ఞల్ని అందంగా నెరవేర్చాలని వాళ్ల పాత ధర్మశాస్త్ర సంకలనం తల్మూద్‌లో, షబ్బాత్ గ్రంథం 133వ పుటలో ఉంది. అందంగా ఉండాల్సిన వాటి జాబితాలో త్సిత్సిత్ కూడా ఉంది.

మీరు "మన దగ్గర అడిగి తెలుసుకునే యూదులే లేరు" అన్నారు. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రయీం అనే తెలుగు మాట్లాడే సమాజం ఉంది, వాళ్లకి చిన్న సినగాగు కూడా ఉంది. విజయవాడ నుంచి ఎంతో దూరం కాదు. అయినా ఈ ఆర్డర్‌లో ఏ సందేహం వచ్చినా తేల్చాల్సింది ఆర్డర్ ఇచ్చిన కుటుంబమే, ఎందుకంటే ఒక్కో శాఖ ఆచారం ఒక్కోలా ఉంటుంది.

కొలతలు: నా దగ్గరకి వచ్చినవి ఎక్కువగా 75 నుంచి 90 సెంటీమీటర్ల పొడవు, 8 నుంచి 12 వెడల్పు. బరువు చూసుకోండి, మరీ బరువైతే శాలువా వెనక్కి జారి మనిషి ప్రార్థన అంతా దాన్ని లాక్కుంటూనే ఉంటాడు. అసలు జరీతో అక్షరాలూ అంచూ కలిపి ఒక్కరు కూర్చుంటే పది పన్నెండు రోజులు అనుకోండి. ధరలో విప్పి మళ్లీ కుట్టే రెండు రోజులు కూడా కలుపుకోండి, అక్షరాల పనిలో అది తప్పదు.

పట్టీ పూర్తయ్యేదాకా శాలువాని తెల్ల కాటన్ గుడ్డలో చుట్టి పైన పెట్టేయండి. కలరా ఉండలు వేయకండి. ఈ రోజే నాలుగు మూలల కుచ్చుల్నీ ఒక్కోటి విడిగా ఫోటో తీసి, మూలకి ఎనిమిది కొసలు ఉన్నాయో లేదో లెక్కపెట్టి, ఆ ఫోటోలు వాళ్లకి పంపి ఉంచండి.